చింతపండు నీళ్ళలో ఇరవై నాలుగు రాళ్ళు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే, ముగ్గురు పిల్లలు ఒక అట్టపెట్టె మోసుకుంటూ మా ఇంటికి వచ్చారు. వెనకాలే వాళ్ళ సైన్సు టీచరు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే, ఇప్పుడు తన జడలోనే తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. "మేడమ్, వచ్చే నెల రాళ్ళూ ఖనిజాలూ గుర్తుపట్టే పోటీ ఉందండీ. నాలుగు ఆదివారాలు మీరే వీళ్ళని చూసిపెట్టాలి" అంది. పెట్టె ఆన్‌లైన్‌లో తెప్పించారట. మూత తీస్తే నలభై గళ్ళు, నలభై రాళ్ళు. ఒక్కో రాయి నెత్తిన అచ్చువేసిన తెల్లకాగితం, దాని మీద నంబరూ పేరూ ఉన్నాయి.

"ఎంతవరకు వచ్చింది చదువు?" అని అడిగాను.

"అయిపోయిందండీ. నలభైకి నలభై వచ్చు" అంది వాళ్ళలో కళ్ళద్దాల పిల్ల. కళ్ళు మూసుకుని ఒకటో నంబరు నుంచి ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. పదకొండు దగ్గర ఆపమన్నాను. పదిహేడో రాయి తీసి, కాగితం కనపడకుండా బొటనవేలితో మూసి, ఇదేమిటని అడిగాను. ముగ్గురిలో ఒక్కరూ రాయి వంక చూడలేదు. పెట్టెలో ఏ గడి ఖాళీ అయిందో చూసి, "సెవెంటీన్, ఫెల్డ్‌స్పార్" అని ఒక్క గొంతుతో అన్నారు.

నాకు కోపం వచ్చింది. నా కోపం సంగతి బెజవాడలో నా దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు. టీచరమ్మ అయితే అప్పుడే తల వంచుకుంది కూడా. కానీ ఆ వేళ నోరెత్తే హక్కు నాకు లేదు. వాళ్ళ వయసులో నేను చేసిందీ అచ్చం అదే.

మాది బందరు కాలవ దిగువన మగ్గాల ఊరు. పొద్దున్నే మా వీధిలోకి వస్తే ముందు గంజి వాసన తగిలేది, తర్వాత రంగుల కాగుల వాసన, ఆ తర్వాత ఎవరింట్లోనో వేగుతున్న ఎండుమెత్తళ్ళ వాసన. మా నాన్న గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేస్తుంటే, అమ్మ అచ్చులో పోగులు సర్దేది, నాయనమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది. అన్నీ ఉన్న మా ఊళ్ళో లేనిది ఒక్కటే, రాయి. ఎంత తవ్వినా నల్లమట్టి, దాని కింద ఇసక, ఆ కింద ఉప్పునీళ్ళు. కుక్కని తోలాలన్నా మట్టిబెడ్డే దిక్కు. రోలూ, సన్నికల్లూ, తిరగలీ ఎక్కడి నుంచో బండి మీద వచ్చినవే. దూరపు కొండలు నునుపు అంటారు, మాకు ఆ దూరపు కొండలు కూడా లేవు.

అలాంటి ఊరి పిల్లలకి రాళ్ళ పోటీ అంటే ఎడారిలో ఈత పోటీ పెట్టినట్టే. అయినా మా సైన్సు మాస్టారు మా స్కూలు పేరు పంపించేశారు. ఆయనది బందరు. ఊళ్ళో అందరూ సాయిబు మాస్టారనేవాళ్ళు. తెల్లటి లాల్చీ, చేతిలో ఎప్పుడూ సుద్దముక్క, ఆ చేత్తోనే తల నిమురుకోవడంతో జుట్టు నిండా సుద్ద. వాళ్ళ నాన్నగారు నెల్లూరు అవతల అభ్రకం గనుల్లో మేస్త్రీగా చేసి పోయారట. ఆయన దాచిన రాళ్ళు ఒక చిన్న టేకు పెట్టెలో ఉండేవి. ఇరవై నాలుగు రాళ్ళు. ప్రతి రాయికీ అతికించిన కాగితం, మీద ఒక అంకె, పక్కన ఉర్దూలో పేరు. కుడి నుంచి ఎడమకి నడిచే ఆ అక్షరాలని మాస్టారు చదివి చెబితే మేం రాసుకునేవాళ్ళం.

పోటీకి ఇద్దర్ని ఎంచారు. ఒకదాన్ని నేను, రెండోది కిరాణా కొట్టువాళ్ళ అమ్మాయి. అది నా ప్రాణస్నేహితురాలు. దాని గౌను జేబులో ఎప్పుడూ బెల్లంముక్క ఉండేది, సగం నాది. బెల్లం చప్పరిస్తూ ఇద్దరం వారం రోజుల్లో ఇరవై నాలుగూ కంఠతా పట్టాం. మూడు కాకిబంగారం, ఏడు ఇనపరాయి, పన్నెండు సుద్ద. మాస్టారు ఒక్కో రాయీ చేతికిచ్చి చూడమనేవారు, గీకమనేవారు. మేం చూసినట్టు నటించి అంకె చదివేవాళ్ళం. ఒక్క తొమ్మిదో నంబరు దగ్గర మాత్రం నటన ఉండేది కాదు. అది గాజులాంటి రాయి. పుస్తకం మీద పెట్టి చూస్తే కింద గీత ఒకటి రెండుగా కనిపించేది. దాని కోసం ఇద్దరం తన్నుకునేవాళ్ళం.

దసరా సెలవులిచ్చే రోజు మాస్టారు పెట్టె నా చేతికిచ్చారు. "సెలవుల్లో మరిచిపోకుండా చూసుకోమ్మా. జాగ్రత్త. మా నాన్న చేతిరాత అంటూ నాకు మిగిలింది ఇదొక్కటే" అన్నారు. ఆ మాటకి నేను పెట్టెని రెండు చేతులా పట్టుకుని, దారిలో పలకరించిన వాళ్ళకి జవాబైనా చెప్పకుండా ఇంటికి నడిచాను.

ఇంట్లో నాయనమ్మ మూత తీసి చూసి, "ఇంట్లోకి రాళ్ళెందుకే?" అంది.

"అట్టా అనకు నాయనమ్మా. నాన్నకి మగ్గం ఎట్టాగో నాకు ఇవి అట్టా. నా పనిముట్లు" అన్నాను గొప్పగా. ఆ గొప్పే నా కొంప ముంచింది.

మహర్నవమి నాడు మా వీధిలో మగ్గాలకి పూజ. ఆ రోజు పోగు నేసే నాడె కదలదు. ఇంట్లో అన్నం పెట్టే పనిముట్టు ఏదైనా సరే కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టాలి. ఇత్తడీ రాగీ అయితే చింతపండుతో తోమాలి. నన్ను బంతిపూలకి పంపారు. నేను పూలు కొని, అటునుంచటే స్నేహితురాలి కొట్టుకి వెళ్ళి, బస్తాల చాటున కూర్చుని అటుకులూ బెల్లమూ తింటూ తీరిగ్గా పొద్దెక్కాక వచ్చాను. వచ్చేసరికి పెరట్లో గంగాళం నిండా చింతపండు నీళ్ళు. పక్కన చేటలో నా రాళ్ళు వరసగా, తళతళలాడుతూ ఉన్నాయి. ఒక్కోదానికీ పసుపూ, కుంకుమబొట్టూ పెట్టి ఉంది. ఒక్కదాని మీద కూడా కాగితం లేదు.

"ఏంటే అట్టా చూస్తావ్?" అంది నాయనమ్మ. "మగ్గానికి పెట్టి నీ పనిముట్లకి పెట్టకపోతే సదువులతల్లికి కోపం రాదూ? తెల్లారగట్లే నానబెట్టి ఒక్కోటీ రుద్ది కడిగా. రెండు మటుకు కనపట్టం లేదే. గంగాళమంతా తడివి చూశా. నీళ్ళు నోట్లో ఏసుకుంటే ఉప్పగా ఉన్నయ్."

ఉప్పురాయీ పటికా కరిగిపోయాయి. తొమ్మిదో నంబరు గాజురాయి చింతపండు పులుపుకి పొర కమ్మిన కన్నులా తెల్లబడింది. నాయనమ్మ మాత్రం ఇంకో తెల్లరాయిని చేత్తో ఎగరేసి పట్టుకుంటూ, "ఇది చూడవే. పిట్టంత ఉంది, ఇంత బరువేంటో. నిండు చూలాల్లా ఉంది" అంటోంది. నేను బంతిపూలు అక్కడే పడేసి నేలమీద కూర్చుని ఏడ్చాను. ఎందుకో ముందు ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో రాయిని చేటలో పెట్టేసింది. ఆ పూట ఇంట్లో గారెలు వండారు, నాయనమ్మ ముట్టలేదు.

సాయంత్రం స్నేహితురాలు వచ్చింది. ఇద్దరం రాళ్ళ ముందు కూర్చుని ఏది ఏడో, ఏది పదకొండో తేల్చబోయాం. తెల్లబడిన ఆ తొమ్మిదోది తప్ప ఒక్కటీ తేలలేదు. నల్లవి అయిదున్నాయి, తెల్లవి ఆరున్నాయి, అన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. రాళ్ళు వచ్చనుకున్నాం, మాకు వచ్చింది అంకెలు. ఆ వయసులో నాకు అంతకన్నా సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

"మాస్టారికి మాత్రం ఏం తెలుస్తుందే? మనమే కాగితాలు కోసి, ఆ పాకే గీతల్లాగా గీసి అంటించేద్దాం" అంది అది. నాకూ ప్రాణం లేచివచ్చింది. మైదా ఉడికించి, మూడు కాగితాలు అంటించాం. నాలుగోది గీస్తుండగా నాయనమ్మ వచ్చి నిలబడింది.

"ఏంటవి?"

చెప్పాను.

"పోయినాయన రాత అంటివి. ఆయన రాయంది ఆయన రాసినట్టు పెడతన్నావా?" అంటూ మూడు కాగితాలూ ఊడబీకింది. తర్వాత గడప మీద కూర్చుని, "మాస్టారు ఊరి నించి రాగానే చెప్పు, నేనొస్తా" అంది.

నాయనమ్మ మా స్కూలు మెట్టు ఎప్పుడూ ఎక్కలేదు. నాన్నని బళ్ళో వేసినప్పుడు కూడా తాతయ్యే వెళ్ళాడట. బడి తెరిచిన రోజు ఉతికిన చీర కట్టుకుని, చేతిలో ఒక గుడ్డ మూట పట్టుకుని నా వెంట నడిచింది. పెట్టె నేను మోశాను. మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"పిల్లదాన్ని ఏమనబాకండి బాబూ. తప్పు నాది" అని నాయనమ్మ జరిగిందంతా చెప్పింది. చింతపండు సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతు బాగా తగ్గిపోయింది.

మాస్టారు పెట్టె తెరిచి చూశారు. నుదుట బొట్లతో ఇరవై రెండు రాళ్ళు. ఆయన ముఖంలో కోపం లేదు, ఇంకేదో ఉంది, నేను చూడలేక తల దించుకున్నాను. అప్పుడు నాయనమ్మ మూట విప్పి బల్ల మీద పెట్టింది. అందులో చిన్న చిన్న కాగితాలు. ఊడిపోయినవన్నీ గంగాళంలోంచి ఏరి, చేటలో ఆరబెట్టి, విడివిడిగా మడతల మధ్య పెట్టి ఉంచిందట. నాక్కూడా చెప్పలేదు.

"పారెయ్యలేదాండీ ఇవి?" అన్నారు మాస్టారు.

"అచ్చరం కద బాబూ. నాకు ఏ అచ్చరమూ రాదు. అందుకని ఏదీ కాళ్ళకింద పడనియ్యను" అంది నాయనమ్మ.

ఆయన ఒక్కో కాగితం ఎత్తి వెలుతురుకి పట్టి చూశారు. సిరాతో రాసినవన్నీ నీలి మరకలయ్యాయి. ఒక్కటి మాత్రం పెన్సిల్‌తో రాసింది, అది నిలిచింది. దాన్ని చదివి, "ముగ్గు" అన్నారు. "ముగ్గురాయి అని రాశారు నాన్న. అది ఏ రాయో మాత్రం నాకూ తెలియదమ్మా. నిజం చెప్పాలంటే ఇందులో సగం రాళ్ళు నాకూ తెలియవు. నేనూ ఆయన కాగితాలే చదివేవాణ్ణి."

మాస్టారికి కూడా తెలియనిది ఉంటుందని, ఉన్నా పైకి చెబుతారని నేను ఊహించలేదు. నేను ఏడుస్తూనే తొమ్మిదో నంబరు రాయి చూపించాను. ఇప్పుడు దాన్ని పుస్తకం మీద పెడితే రెండు గీతలు కాదు కదా, ఒక్కటీ కనపడటం లేదు. ఆయన దాన్ని చేతిలో తిప్పి చూసి, కిటికీ గట్టు మీద పెట్టి, చిన్న సుత్తితో ఒక పక్కన సున్నితంగా తట్టారు. రాయి కత్తితో కోసినట్టు నున్నగా చీలింది. చీలిన ముఖం అద్దంలా ఉంది. పుస్తకం మీద పెడితే గీత మళ్ళీ రెండైంది.

"పులుపు పైపైనేలేమ్మా, లోపలికి పోలేదు" అన్నారు. నాయనమ్మ కూడా వంగి ఆ రెండు గీతలూ చూసింది. చూసి, "ఆరినీ" అని బుగ్గ నొక్కుకుంది.

ఆ రోజు నుంచి మా అసలు చదువు మొదలైంది. పోటీకి నెల కూడా లేదు. కాగితాలు లేవు కాబట్టి మాస్టారు గనుల మీది పాత పుస్తకం ఒకటి బందరు నుంచి తెచ్చారు. సాయంత్రాలు మా అరుగు మీదే బడి. ముందు గోరుతో గీకాలి. గోటికి లొంగకపోతే నాయనమ్మ దాచుకున్న రాగి కాణీతో, దానికీ లొంగకపోతే కత్తిపీటతో. కుండపెంకు మీద రాస్తే ఏ రంగు గీత పడుతుందో చూడాలి. నల్లగా నిగనిగలాడే రాయి కుండపెంకు మీద రక్తంలా ఎర్రగీత గీసిన రోజు ఇద్దరం కేకలు పెట్టాం, అదే ఇనపరాయి. పొడి రాల్చి నిమ్మరసం పిండితే సున్నపురాయి బుసబుసమని పొంగేది. నాయనమ్మ నిమ్మకాయలు కోసి ఇస్తూ, "పులుసులో పడాల్సింది రాళ్ళ పాలవుతోంది" అని సణిగేది. సణుగుతూనే మర్నాటికి ఇంకో నాలుగు కాయలు తెప్పించేది. నాన్న కూడా మగ్గం గుంటలోంచి, "ఇవాళ ఎన్నిటికి పేరొచ్చింది?" అని అడిగేవాడు.

ఇరవై ఒక్క రాళ్ళకి పేర్లొచ్చాయి. మిగిలింది నాయనమ్మ ఎగరేసిన తెల్లరాయి ఒక్కటే. గోటికి లొంగదు, కత్తికి లొంగుతుంది. నిమ్మరసానికి ఉలకదు, పలకదు. అదే ముగ్గురాయి అయి ఉండాలని మాస్టారికి అనుమానం. కానీ మా ఊళ్ళో ముగ్గంటే బియ్యప్పిండి, లేదంటే సున్నం. ఆ పేరు కంఠతా అయితే పట్టాం గానీ, ముగ్గు నిజంగా ఒక రాయని మేం ఎరగం. "తెలియంది తెలిసినట్టు రాయకూడదు, పెన్సిల్‌తో కూడా" అన్నారాయన. ఆ కాగితాన్ని లాల్చీ జేబులోనే ఉంచుకున్నారు.

పోటీ రోజు తొలి బస్సుకి బెజవాడ బయల్దేరాం. నాయనమ్మ పులిహోర పొట్లాలు మూడు కట్టి, తనూ బస్సుదాకా వచ్చింది. ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్ళు అడ్డం పడి బస్సు ఆగితే, కండక్టరు చూడకుండా దిగి, బండి వెనక నుంచి రెండు గడలు లాగాం. మాస్టారు చూశారు. ఏమీ అనకుండా తనకీ ఒక ముక్క పెట్టమన్నారు. కరిగిపోయిన ఉప్పురాయీ పటికా కొనడానికి ముందు వన్ టౌన్ వెళ్ళాం. సందుల నిండా తోపుడుబళ్ళు, ఎండుమిరప ఘాటు, ఇంగువ వాసన. నా స్నేహితురాలికి అది పుట్టిల్లులా ఉంది, నాకు తుమ్ములు ఆగలేదు.

పటిక కొన్న కొట్టు గుమ్మంలో చిన్న చిన్న గోనెసంచులున్నాయి. దారికి అడ్డంగా ఉందని నేను ఒకటి పక్కకి లాగబోయాను. అది కదల్లేదు. కొట్టాయన గల్లాపెట్టె దగ్గర నుంచే, "చిన్న సంచీ గదా అని ఎత్తబోకమ్మా, నడుం పట్టేసుద్ది. అది కడప ముగ్గు" అన్నాడు.

మాస్టారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"ఇది రాయాండీ, పిండా?" అని అడిగారు మాస్టారు.

"రాయేనండి సాయిబుగారూ. తవ్వి, దంచి పంపుతారు. రాళ్ళన్నిట్లో దీని బరువు వేరండీ" అంటూ ఆయన సంచీలోంచి దంచకుండా మిగిలిన గడ్డ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. పిట్టంత రాయి, నిండు చూలాలి బరువు. చేతికి తగలగానే నాయనమ్మ మాట నోట్లోకి వచ్చేసింది.

పోటీ పెద్ద స్కూల్లో. బల్లల మీద ముప్ఫై రాళ్ళు పరిచారు, ఒక్కదానికీ పేరు లేదు. బెజవాడ పిల్లలు ఇస్త్రీ బట్టల్లో, టైలతో ఉన్నారు. మా ఇద్దరి గోళ్ళ కింద ఇంకా ఇనపరాయి ఎరుపే ఉంది. చాలామంది పిల్లలు దూరం నుంచి చూసి గబగబా రాసేస్తున్నారు. మేం ఒక్కోటీ ఎత్తి, గీకి, తూచి చూసుకుంటూ వెనకబడిపోయాం. చివరి బల్ల మీద ఒక తెల్లరాయి. మా ముందున్న అబ్బాయి పాలరాయి అని రాయడం నాకు కనిపించింది. నేను ఎత్తాను. ఎత్తగానే నవ్వొచ్చింది. నా స్నేహితురాలి చేతిలో పెట్టాను, అదీ నవ్వింది. న్యాయనిర్ణేత, "ఏంటమ్మా నవ్వు?" అంటే ఇద్దరం తల వంచుకుని ముగ్గురాయి అని రాసేశాం.

మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది ఆ ఊరి పిల్లలకే వెళ్ళింది, గడియారం చూసుకోకపోవడం వల్ల మేం మూడు రాళ్ళు వదిలేశాం మరి. కానీ ఆ తెల్లరాయి పేరు సరిగా రాసింది మేమిద్దరమేనని మైకులో చెప్పారు. బహుమతిగా చెరో ఫౌంటెన్ పెన్ను ఇచ్చారు. తిరుగు బస్సులో మాస్టారు పెట్టె నా ఒళ్ళో పెట్టి, "ఆ పెన్నుతో నువ్వే రాయమ్మా పేర్లు. తెలుగులో" అన్నారు. తర్వాత జేబులోంచి పెన్సిల్ కాగితం తీసి, మా దగ్గర మిగిలిన అన్నం మెతుకుతో ముగ్గురాయికి ఆయనే అతికించారు. బొటనవేలు దాని మీద నుంచి చాలాసేపు తియ్యలేదు.

ఇంటికొచ్చి ఆ రాయిని నాయనమ్మ చేతిలో పెట్టి దాని కథ చెప్పాను. "నే చెప్పలా, బరువని" అంది. అంతే. రాట్నం దగ్గరికి వెళ్ళిపోయింది. కానీ ఆ సంవత్సరం సంక్రాంతి నెలంతా వీధిలో ఎవరు ముగ్గు వేస్తున్నా ఆగి, అది ఏ రాయి పిండో అడిగేది.

రెండేళ్ళకి మాస్టారికి బదిలీ అయింది. పెట్టె ఆయనతో వెళ్ళింది. అందులో ఇరవై మూడు కాగితాలు నా గుండ్రటి రాతలో, ఒకటి వాళ్ళ నాన్నగారి రాతలో. ఇప్పుడది ఎక్కడుందో తెలియదు. ఆ మగ్గాలూ లేవు, ఆ అరుగూ లేదు. నా స్నేహితురాలు మాత్రం ఉంది. హనుమాన్ జంక్షన్‌లో కొడుకు కొట్టు దగ్గర కూర్చుంటుంది, ఎప్పుడు వెళ్ళినా ముందు బెల్లంముక్క చేతిలో పెడుతుంది. నేను సైన్సు చదివి, సైన్సే చెప్పి రిటైరయ్యాను. అదంతా ఒక ముసలావిడ చింతపండు నానబెట్టడం వల్లనే జరిగిందంటే నవ్వుతారు గానీ, నాకైతే అనుమానం లేదు.

అందుకే మొన్న ఆ పిల్లల మీద కేకలు వెయ్యలేదు. వంటింట్లోంచి పెద్ద బేసిన్ తెచ్చి హాలు మధ్యలో పెట్టాను. "కాగితాలన్నీ ఊడదీద్దాం రండి" అన్నాను.

"మేడమ్, కొత్త కిట్టండీ" అంది టీచరమ్మ భయంగా.

"అచ్చు కాగితాలే కదమ్మా. ఎవరి చేతిరాతా కాదు."

"మరి పేర్లెట్టా తెలుస్తాయండీ?" అంది కళ్ళద్దాల పిల్ల. పక్కనున్న పిల్లాడు, ఫోనుతో ఫొటో తీస్తే అదే చెబుతుందన్నాడు. ఫోను బరువు తూచదు, రుచి చూడదు అని చెప్పి, వాణ్ణి కుండపెంకు వెతకమని మేడ మీది పూలకుండీల దగ్గరికి పంపాను. కళ్ళద్దాల పిల్లని ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయలు తెమ్మన్నాను. మూడో పిల్ల అప్పటికే చెంబుతో నీళ్ళు ముంచుకుని పొయ్యడానికి సిద్ధంగా ఉంది.

"ఒక్క క్షణం ఆగు" అన్నాను. నలభై రాళ్ళలో చెయ్యి పెట్టి, వెతికి, ఉప్పురాయిని తీసి కిటికీ గట్టు మీద పెట్టాను.

"ఇప్పుడు పొయ్యి తల్లీ."